నాలుగు నెలలైనా మీలో ఒక్కరూ ఆ పేజీ తెరవలేదు

ప్రచురణ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఇంగ్లీషు పదనిర్మాణ పుస్తకంలోని తప్పుల గురించి రాసిన ఉత్తరాలకు జవాబు లేకపోవడం

అయ్యా,

మీ సంస్థకు నేను రాస్తున్న మూడో ఉత్తరం ఇది. మొదటిది జూన్ 18న రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు మీ ఆఫీసు ముద్రతో తిరిగివచ్చిన కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. జవాబు మాత్రం లేదు.

జూలైలో మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. పావుగంట సంగీతం వినిపించాక ఒక అబ్బాయి పలికాడు. "పుస్తకం చిరిగిందా మేడమ్? పేజీలు తగ్గాయా?" అని అడిగాడు. చిరగలేదు బాబూ, లోపల రాసింది తప్పు అన్నాను. అలాంటి ఫిర్యాదు నమోదు చేయడానికి తన దగ్గర వీలు లేదన్నాడు. చివరికి ‘పాడైన పుస్తకం’ అని రాసుకున్నాడు. పది రోజులకు కొరియర్‌లో ఇంకో ప్రతి వచ్చింది. సరిదిద్దిన ప్రతి పంపారేమోనని ఆత్రంగా 47వ పేజీ తీశాను. అదే అచ్చు, అవే తప్పులు.

రెండోసారి ఒక అమ్మాయి ఫోను తీసింది. ఆ పేజీ ఒక్కసారి చూడమని బతిమాలాను. "అచ్చు స్పష్టంగానే ఉంటుంది కదా మేడమ్" అని, పుస్తకాలు తయారుచేసే విభాగానిదంటూ ఒక నంబరు ఇచ్చింది. అది మీ గోడౌను నంబరు. అక్కడ ఫోను ఎత్తిన పెద్దాయన మాత్రం నేను చెప్పిందంతా ఓపికగా విని, "ఇది వినాల్సింది నేను కాదమ్మా" అని నొచ్చుకున్నాడు. ఆగస్టు 9న ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజి వచ్చింది. ఆ వెంటనే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకొకటి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడుగురితో మాట్లాడాను. ఒక్కరైనా పుస్తకం తెరిచి చూసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఎవరూ చదవలేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. 47వ పేజీలో ‘ఇన్’ అనే ఉపసర్గ ఏ మాటకు ముందు చేరినా ‘కాదు’ అనే అర్థమే వస్తుందని సూత్రం రాసి, ‘ఫ్లేమబుల్’కు వ్యతిరేక పదంగా ‘ఇన్‌ఫ్లేమబుల్’ ఇచ్చారు. ఆ రెండింటికీ అర్థం ఒక్కటే: సులువుగా మండేది. అక్కడి ‘ఇన్’ లాటిన్ క్రియలోనే కలిసి ఉంది, దాని అర్థం ‘లోనికి’. మా బడి ఎదురుగా రోడ్డు మీద పెట్రోలు ట్యాంకర్లు ఆగుతుంటాయి. వాటి మీద ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు మీ పుస్తకం చేత్తో పట్టుకొని కిటికీలోంచి ట్యాంకరును చూపిస్తూ, "టీచర్, అంటే అది అస్సలు అంటుకోదనే కదా?" అని అడిగాడు. నా ఒళ్లు జలదరించింది. వాడి తప్పేముంది? న్యాయానికి ముందు ‘అ’ చేరితే అన్యాయమవుతుందని తెలుగు క్లాసులో నేర్చుకున్నాడు. మీ సూత్రాన్ని నమ్మి దీన్నీ అలాగే విడగొట్టాడు.

తర్వాతి పేజీలో ‘మేల్’కు ముందు అక్షరాలు చేర్చి ‘ఫిమేల్’ తయారుచేశారు. అవి వేర్వేరు లాటిన్ పదాల నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చాయి. ఇంగ్లీషులో జంటగా వాడీ వాడీ స్పెల్లింగులు దగ్గరయ్యాయి. ‘పెన్’ నుంచి ‘పెన్సిల్’ పుట్టిందని కూడా రాశారు. పెన్‌కు మూలం ఈక. పెన్సిల్‌కు మూలం కుంచెకు వాడిన మాట, దాని అసలు అర్థం చిన్న తోక. పోలిక కనిపించగానే చుట్టరికం కలపకూడదన్నదే ఈ పాఠంలో పిల్లలకు మొదట చెప్పాల్సిన సంగతి. ఇక ‘ఎడిట్’కు ప్రత్యయం చేరి ‘ఎడిటర్’ అయిందన్నారు. నిజానికి ముందు వచ్చింది ఎడిటర్, దాని చివర కత్తిరించగా మిగిలింది ఎడిట్. దీన్ని బ్యాక్ ఫార్మేషన్ అంటారని నాకు నేర్పింది మీ పాత ముద్రణే!

ఆ పాత పుస్తకం 2004లో కొన్నాను. రెండుసార్లు బైండు చేయించాను. ‘బాండికూట్’ అనే ఇంగ్లీషు మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందని అందులోనే చదివాను. తరగతిలో అది చెప్పిన రోజు, ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ పిల్లలు కూడా ఇంకే తెలుగు మాటలు అలా వెళ్లాయని వెంటపడ్డారు. కొత్త ముద్రణలో ఆ పేజీయే లేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి జూన్‌లో నా మాట మీద కూలి డబ్బులు పెట్టి తల్లిదండ్రులు మీ పుస్తకం కొంటున్నారు. వాళ్లకు నేనేం చెప్పాలి?

నవంబరు 15లోగా మీ సంపాదకుల్లో ఒకరు నాకు స్వయంగా ఫోను చేయాలి. తప్పొప్పుల పట్టిక అచ్చువేసి, అమ్మిన ప్రతి దుకాణానికీ పంపాలి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. మా మండలంలో ఇంగ్లీషు చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ ఈ పుస్తకం కొనిపించవద్దని చెబుతాను.

47వ పేజీ జిరాక్సు ఈ ఉత్తరానికి పిన్ను చేశాను. దయచేసి ముందు అది చదవండి.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు