కాలువ గట్టున ధాత కరువుకు ఒక మ్యూజియం కావాలి

తమిళనాడు మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి,

నమస్కారం. నేను చెన్నై మైలాపూర్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. తిరుమయిలై స్టేషన్ కింద పారే బకింగ్‌హాం కాలువను రోజూ చూస్తాను. 1877-78లో నగరం మధ్య ఆ కాలువను తవ్వింది కరువు కూలీలని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ధాత నామ సంవత్సరం పేరుతో పిలిచే 1876-78 ధాత కరువులో చనిపోయినవాళ్లు తక్కువ అంచనాతోనే 50 లక్షలు దాటారు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మాడిపోతుంటే ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండ్ పోయింది. దీన్ని ప్రకృతి వైపరీత్యం అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

1877లో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన కరువు అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి ఖాయం చేసిన రోజుకూలి 450 గ్రాముల బియ్యం, ఒక అణా. మొన్న కిరాణా కొట్టులో అంతే బియ్యం తూయించాను. కవర్ సగం కూడా నిండలేదు. రోజంతా మట్టి మోసిన మనిషికి అది!

రువాండాలో 1994 మారణహోమ మృతులు 2.5 లక్షల మందిని ఖననం చేసిన చోటే, రాజధాని కిగాలీలో, వాళ్ల స్మారకం ఉంది. మనకీ కాలువ గట్టున ఒక భవనం కావాలి. అందులో ఆ బియ్యం కొలత, బ్రిటిష్ సైనికాధికారి హూపర్ తీసిన ఆ కరువు ఫొటోలు, తమిళంలోనూ తెలుగులోనూ వివరాలు పెట్టించండి. ముందు గట్టు మీద ఒక్క బోర్డయినా పెట్టించండి సార్.

ఇట్లు,
మైలాపూర్ వాసి