బస్సు ఫ్రీ సరే, బస్టాండులో మరుగుదొడ్డి సంగతేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీ శక్తి పథకం మొదలైన దగ్గర్నుంచి మా విజయనగరం జిల్లా బస్సుల్లో ఆడవాళ్లు బాగా పెరిగారు. రాజాం, చీపురుపల్లి, గజపతినగరం, బొబ్బిలి ఏ వైపు బస్సు చూసినా కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలవాళ్లు, ఆసుపత్రికి వెళ్లే పెద్దవాళ్లు. చాలా మంచి మార్పు. కానీ వీళ్లలో ఎక్కువమంది పొద్దున్న గడప దాటితే సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఒంటికి వెళ్లకుండా బిగబట్టుకునే ఉంటున్నారు. పైకి చెప్పుకోవడానికి మొహమాటపడతారు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను బస్సు మారే బస్టాండు ఒకటుంది. అక్కడ ఆడవాళ్ల మరుగుదొడ్డిలో ఒక గదికి ఎప్పుడూ తాళమే. ఇంకోదానికి లోపలి గడియ ఊడిపోయింది, తోడు వచ్చినవాళ్లు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కుళాయి తిప్పితే నీళ్లు రావు, డ్రమ్ములోంచి ముంచుకెళ్లాలి. బ్యాగు తగిలించడానికి ఒక మేకు కూడా ఉండదు. బ్యాగు మెడలో వేసుకుని, కుచ్చిళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, తడి నేలకి తగలకుండా సగం కూర్చుని సగం లేచి పని కానిచ్చుకోవాలి. ఇంతా చేసి బయటికొస్తే అయిదు రూపాయలు ఇమ్మంటారు. పక్కనే మగవాళ్ల మూత్రశాలకి పైసా అడగరు.

దీనికి ఆడవాళ్లు కనిపెట్టుకున్న ఉపాయం నీళ్లు మానేయడం. మార్కెట్లో ఆకుకూరలు అమ్మే ఒకామెను ఎండలో నీళ్లు తాగవేమని అడిగితే, "నీళ్లు తాగీసి ఎక్కడికెళ్తాం టీచరమ్మా, గంప ఎవలు సూస్తారు" అంది. తెల్లారక ముందే వచ్చిన మనిషి ఆమె.

ఇది ఒంటికి ఏం చేస్తుందో చెప్పాలి. పెద్దవాళ్ల మూత్రాశయం దాదాపు 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టగలదు, అందులో సగం కూడా నిండకముందే వెళ్లాలనిపించడం మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి ఆపుకుంటే ఏమీ కాదు. రోజూ గంటల తరబడి ఆపుకుంటే ఆ కండరం సాగి పట్టు తగ్గుతుంది, వెళ్లినప్పుడు పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే, అందుకే ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా లోపలికి ఎక్కుతుంది. సగం కూర్చుని గబగబా కానిచ్చినా కింది కండరాలు వదులు కావు, కొంత లోపలే మిగిలిపోతుంది. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలవుతాయి. చలిజ్వరం, నడుము పైభాగంలో నొప్పి కూడా వస్తే కిడ్నీదాకా పాకిందేమోనని వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. మందుల షాపులో అడిగి రెండు రోజులు మాత్రలు వేసుకుని మానేయడం మాత్రం వద్దు.

పక్కనే శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఉంది. అక్కడి కిడ్నీ జబ్బు కథ వేరు, మూత్రం ఆపుకోవడానికి దాన్ని అంటగట్టను. కానీ అక్కడి వాళ్ల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు, మంచినీళ్ల కోసం హిరమండలం నుంచి పైపులైను వేశారు. కిడ్నీల విలువ ఇంతగా తెలిసిన ప్రాంతంలో ఆడవాళ్లు మరుగుదొడ్డికి భయపడి నీళ్లు మానేస్తుంటే నాకు చాలా బాధగా ఉంది.

బడిలోనూ ఇదే చూస్తున్నాను. ఎండాకాలం వాటర్ బెల్ కొడుతున్నాం, పిల్లలు తాగుతున్నారు. అరగంటకి ఒక అమ్మాయి లేచి చెయ్యెత్తితే "ఇంటర్వెల్‌లో వెళ్లు" అంటారు. ఇంటర్వెల్ పది నిమిషాలు, ఆడపిల్లల లైను వరండా చివరిదాకా. అందుకే కొందరి సీసాలు నిండుగానే ఇంటికి వెళ్తాయి. పాఠం మధ్యలో అయినా సరే, అడిగిన పిల్లని పంపమని తోటి టీచర్లను వేడుకుంటున్నాను.

పెద్దవాళ్ల సంగతి కూడా ఒక మాట. యాభై దాటిన మగవాళ్లలో చాలామందికి మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి ధార సన్నబడుతుంది, రాత్రి పదేపదే లేవాల్సి వస్తుంది. ఒక్కోసారి బిగుసుకుపోయి చుక్క కూడా రాదు, అప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. కాన్పులైన ఆడవాళ్లలో కొందరికి దగ్గినా నవ్వినా చీర తడుస్తుంది. వయసు కదా అని ఊరుకుంటారు గానీ, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది. వీళ్లంతా పెళ్లిళ్లకీ, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగకీ రావడం మానుకుంటున్నది దారిలో దిగే చోటు లేకనే.

పనిచేసే చోట ఆడవాళ్లకి వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. బస్టాండుకీ, కూరగాయల మార్కెట్‌కీ ఆ మాత్రం వర్తించదా? మరుగుదొడ్ల నిర్వహణ వేలంలో ఎక్కువ పాడినవాళ్లకి ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం శుభ్రత వెనకబడుతుంది. కాబట్టి టెండరులోనే షరతులు రాయాలి: ఆడవాళ్ల దగ్గర మూత్రానికి డబ్బు తీసుకోకూడదు, మొదటి బస్సు నుంచి ఆఖరి బస్సుదాకా తాళం వేయకూడదు, లోపల గడియ, లైటు, కుళాయిలో నీళ్లు, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా, బ్యాగుకి మేకు ఉండాలి. నెలకోసారి మహిళా అధికారి ఎవరైనా చెప్పకుండా వచ్చి, ఆ గదులు తానే వాడి చూసి, సంతకం పెట్టాకే కాంట్రాక్టరుకి బిల్లు పాస్ చేయాలి. జిల్లా అధికారులు, ఆర్టీసీ వారు వచ్చే వేసవి లోపు ఈ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
విజయనగరం జిల్లా