సూపర్‌చార్జర్ బిగించావు సరే, ఏ పెట్రోల్ పోస్తున్నావ్?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల నిండా నీ కారుకి బిగించిన సూపర్‌చార్జర్, అదే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే బ్లోయర్, దాని మోత గురించే మురిసిపోయి, అసలు సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో అడిగావు, పాత పెట్రోలే పోస్తే ఏమవుతుందని. నేను ఆ ఒక్క ముక్క గురించే రాస్తాను, తిట్టుకోకు.

ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోల్లో బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు. కాదు. వేడికీ ఒత్తిడికీ తనంతట తాను అంటుకోకుండా ఎంత ఓర్చుకోగలదో చెప్పే అంకె అది. ఐసో-ఆక్టేన్‌కి 100, హెప్టేన్‌కి 0 అని పెట్టుకుని ఆ రెండింటి మిశ్రమాలతో పోల్చి లెక్కగడతారు. అందుకే మామూలు ఇంజన్‌లో ఖరీదైన పెట్రోల్ చాలావరకు దండగ. నీది ఇప్పుడు మామూలు ఇంజన్ కాదుగా!

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే తెలుస్తుంది చూడు, అదే. నీ కిట్ అర బార్ బూస్ట్, అంటే బయటి గాలి కంటే దాదాపు సగం ఎక్కువ ఒత్తిడి, ఇస్తుందన్నావు. 27 డిగ్రీల గాలి లోపలికెళ్తే, బ్లోయర్ సామర్థ్యం 60 శాతం అనుకుంటే, బయటికొచ్చేసరికి దాదాపు 90 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ కొంత చల్లార్చినా, పిస్టన్ దాన్ని మళ్లీ నొక్కుతుంది. ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంచుదాకా చేరకముందే అక్కడ మిగిలిన మిశ్రమం భగ్గుమంటుంది. నాకింగ్ అంటే అదే. నీ బ్లోయర్ రూట్స్ అనే రకం కాబట్టి తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే, బూస్ట్ వచ్చేస్తుంది. టాప్ గేర్లో నెమ్మదిగా పోతూ పెడల్ గట్టిగా అదిమావనుకో, ఇంజన్ నిదానంగా తిరుగుతుంది గనక మిశ్రమం పేలడానికి కావలసినంత టైం దొరుకుతుంది.

నాక్ సెన్సర్ ఉందిగా అంటావు, తెలుసు. అది టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే ప్లగ్ కాస్త ఆలస్యంగా వెలిగేలా చేస్తుంది. పవర్ పడిపోతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. పైగా అది పసిగట్టేది నాకింగ్ మొదలయ్యాకే. బూస్ట్ కోసం అంత డబ్బు పోసి పెట్రోల్ దగ్గర కక్కుర్తి పడితే అసలుకే ఎసరు.

నీకు విమానాల పిచ్చి కదా, ఇది విను. 1940లో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల్లోని సూపర్‌చార్జర్ ఉన్న మెర్లిన్ ఇంజన్లకి 87 బదులు 100 ఆక్టేన్ పెట్రోల్ వాడాక, బూస్ట్‌ని చదరపు అంగుళానికి ఆరుంపావు పౌండ్ల నుంచి 12 పౌండ్లకి పెంచగలిగారు. ముందు పెట్రోల్, ఆ తర్వాతే బూస్ట్. నువ్వేమో తిరగేసి మొదలెట్టావు.

నీ ఇంజన్ కంప్రెషన్ 10 (పిస్టన్ మిశ్రమాన్ని పదో వంతుకి నొక్కుతుందని) అన్నావు కాబట్టి నేనైతే 98 ఆర్‌ఓఎన్ (ఆక్టేన్ కొలిచే ఒక పరీక్ష అంకె) కంటే తక్కువ పోయను. కొన్ని దేశాల్లో పంపు మీద రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు పరీక్షల సగటు. ఆ లెక్కలో 93 అంటే సుమారు 98 ఆర్‌ఓఎన్ అన్నమాట, కంగారుపడకు. 95 తప్ప దొరకదంటే బ్లోయర్‌కి కాస్త పెద్ద పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) వేయించు, అది నెమ్మదిగా తిరిగి బూస్ట్ తగ్గుతుంది. ట్యూనింగ్ మాత్రం నువ్వు రోజూ పోసే పెట్రోల్ మీదే చేయించాలి. మంచిదాని మీద చేయించి ఆనక చవకది పోయడమే అన్నిటికన్నా ప్రమాదం.

ఆక్టేన్ బూస్టర్ సీసాల జోలికి పోకు. చాలా సీసాల మీద 'పాయింట్' అంటే ఆక్టేన్‌లో పదో వంతే. ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఇంధనం) నాకింగ్‌ని బ్రహ్మాండంగా ఆపుతుంది కానీ, మూడో వంతు దాకా ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఇంజెక్టర్లు, పంపు అన్నీ మార్చాలి. ఇప్పుడు నీకెందుకా గొడవ?

ఈలోగా ఒక పని చెయ్. గట్టిగా తోలాక ఇంజన్ చల్లారనిచ్చి ప్లగ్గులు ఊడదీసి చూడు. తెల్ల పింగాణీ మీద సన్నటి నల్ల చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ కనిపిస్తే బండి ఆపెయ్. ఆ రవ్వలు నీ పిస్టన్‌వే. ఫొటోలు, లాగ్ ఫైలు (ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసిన అంకెల పట్టిక) పంపించు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, టైమింగ్ కాలమ్స్ ఉండేలా చూసుకో.

ఉంటాను మరి,
నీ రవి