ఎమ్మెస్సీ పిల్లలకు ఆకాశాన్ని కొలిచే సెమిస్టర్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకు పాఠాలు చెబుతాను. 1971 నుంచి శ్రీహరికోటలో రాకెట్లు లేస్తున్నాయి, సూర్యుణ్ణి చూసే ఆదిత్య-ఎల్1 కూడా 2023 సెప్టెంబర్ 2న అక్కణ్ణుంచే పోయింది. ఇంత దగ్గరుండి మా పిల్లలు చేసేదేమిటంటే, అయనోస్ఫియర్ (పై ఆకాశంలో ఎండకు ఎలక్ట్రాన్లు విడిపోయిన గాలి పొరలు) అనగానే డీ, ఈ, ఎఫ్ అని మూడు గీతలు గీసి మార్కులు తెచ్చుకోవడం.

2024లో నలుగురు పిల్లలు ప్రాజెక్టు కోసం మీటరు చెక్క ఫ్రేముకు మోటార్ వైండింగ్ షాపులో కొన్న రాగి తీగ చుట్టి, చిన్న యాంప్లిఫయర్ పెట్టి లాప్‌టాప్ మైక్ సాకెట్‌కు కలిపి, తిరునల్వేలి వైపు నుంచి వచ్చే 18.2 కిలోహెర్ట్జ్ నేవీ సిగ్నల్ పట్టారు. ఈ సిగ్నల్ అయనోస్ఫియర్ అడుగునుండే డీ పొరకు తగిలి తిరిగొస్తుంది, పొర మారితే సిగ్నల్ బలమూ మారుతుంది. పెట్టింది ఒక పిల్లాడి ఇంటి డాబా మీద. మొదట్లో అంతా గోలే. అది పక్క రొయ్యల చెరువుల ఏరియేటర్ మోటార్లదని తేల్చడానికే వారం పట్టింది, ఆ వారంలో నేర్చుకున్నది ఏ నోట్సులోనూ దొరకదు.

మే 10న మధ్యాహ్నం పన్నెండున్నర లోపే సిగ్నల్ బలం చూపే గీత ఉన్నట్టుండి లేచి, తర్వాత మెల్లగా దిగింది. "మళ్లీ మోటారేమో సార్" అని ఆ డాబా ఇంటి పిల్లాడు టెన్షన్‌గా ఫోన్ చేశాడు. మోటారు కాదు, సూర్యుడి మీద పెద్ద మంట. దాని ఎక్స్-కిరణాలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి చేరి డీ పొరలో ఎలక్ట్రాన్లను పెంచేశాయి. ఆ రాత్రే లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అది మాత్రం అంతకు ముందే సూర్యుడి నుంచి బయల్దేరిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) వల్ల, ఈ తేడా కూడా పిల్లలే వెతికి పట్టుకున్నారు. తీరా వైవాలో రిపోర్టు పేజీలు తిరగేసి మార్కులు వేశారు, ఆ గ్రాఫు మీద ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్లల ముఖాలు చూడలేకపోయాను.

సిలబస్ వేసే పెద్దలను అడిగేది ఒక్కటే. ఒక సెమిస్టర్ పూర్తిగా పరిశీలనకే వదలండి, రోజూ రాసే లాగ్‌బుక్‌కు మార్కులు పెట్టండి. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి చొప్పున, రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే జీపీఎస్ రిసీవర్ పెడితే నెత్తి మీద ఎలక్ట్రాన్లు ఎలా పెరిగి తగ్గుతున్నాయో రోజంతా లెక్క తీయొచ్చు. తిరుపతి దగ్గర పై గాలిపొరలను పరిశీలించే గాదంకి రాడార్ మనకు బస్సు దూరమే, అక్కడ పిల్లలను వారం రోజులు డేటా ముందు కూర్చోబెట్టండి, టూరు లాగా గంటలో తిప్పి పంపొద్దు.

ఆ చెక్క ఫ్రేము ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ రెండు జిల్లాల్లో ఏ కాలేజీ అడిగినా నేనే తెచ్చి బిగించి ఇస్తాను.

- ఒక ఫిజిక్స్ లెక్చరర్, కావలి