పదో తరగతికి చూపించబోయే మూకీ సినిమా గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

నవంబరు 11 నుంచి మూడు రోజులు, పదో తరగతి వారికి చివరి రెండు పీరియడ్లలో ఒక ఫ్రెంచి మూకీ సినిమా వేస్తున్నాం. పేరు ‘జాక్యూజ్’, అంటే ‘నేను నేరం మోపుతున్నాను’. 1919లో వచ్చింది, దర్శకుడు ఆబెల్ గాన్స్. అన్యాయంగా శిక్ష పడిన ఒక సైనికాధికారి తరఫున 1898లో ఎమిల్ జోలా ఫ్రాన్స్ అధ్యక్షుడికి రాసిన బహిరంగ లేఖ శీర్షిక ఇదే. సినిమా మొదట్లో సైనికులు ఆ అక్షరాల ఆకారంలో బారులు తీరి కనిపిస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో కూటముల పేర్లు, తేదీలు పిల్లలు గడగడా అప్పజెబుతున్నారు. యుద్ధానికి పంపిన ఊరు ఎలా ఉంటుందో మాత్రం పుస్తకంలో లేదు. ఈ సినిమాలో అదే ఉంది.

కథ దక్షిణ ఫ్రాన్సులోని ఒక పల్లెలో మొదలవుతుంది. మొరటు మనిషి ఫ్రాంస్వా, అతని భార్య ఎదీత్, ఆమెను ప్రేమించే కవి జాన్ దియాజ్. మగాళ్లిద్దరూ ఒకే దళంలో చేరి, కందకాల్లో స్నేహితులవుతారు. ఊళ్లోవాళ్లు యుద్ధానికి బయలుదేరే ఘట్టంలో చేతులనే దగ్గరగా చూపిస్తాడు గాన్స్: మూట సర్దే చేతులు, ఆఖరి గ్లాసు ఎత్తే చేతులు, దణ్ణం పెట్టే చేతులు. మొహం చూపించకుండా ఏడిపించవచ్చని పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

దీన్ని యుద్ధ వ్యతిరేక చిత్రం అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. నిజానికి అంత తేటగా లేదు. జర్మన్ల మీద పగ ఇందులో బాగానే కనిపిస్తుంది. ఒకచోట ప్రాచీన గాల్ వీరుడు (ఫ్రెంచివాళ్లు తమ పూర్వీకులుగా చెప్పుకునే తెగవాడు) ప్రత్యక్షమై మరీ సైనికులను ముందుకు నడిపిస్తాడు. షూటింగు మొదలైంది 1918 ఆగస్టులో, యుద్ధం ఇంకా జరుగుతుండగానే. సెప్టెంబరులో ఫ్రాన్సులోని సాన్ మియేల్ దగ్గర జరిగిన పోరులో గాన్స్ స్వయంగా తీసిన దృశ్యాలు కూడా ఇందులో ఉన్నాయి. దేశభక్తి, యుద్ధం మీద అసహ్యం రెండూ ఒకే రీలులో ఉన్నాయి కనుకనే దీన్ని ఎంచుకున్నాం. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పిల్లలు నోటుపుస్తకంలో రాయాలి.

చివర్లో మతి చెడిన జాన్ ఊరివాళ్లను పోగుచేసి, చచ్చిపోయినవాళ్లు లేచి వస్తున్నారని చెబుతాడు. వాళ్లు నిజంగానే శిలువల కింది నుంచి లేచి దారి పట్టుకు నడిచివస్తారు, తమ చావు ఎవరికైనా పనికొచ్చిందా అని చూడ్డానికి. ఊళ్లో ఒకరు దుబారా చేశారు, మరొకరు మాట తప్పారు. నేరం మోపింది శత్రువు మీద కాదు, బతికున్నవాళ్ల మీద. శవాలుగా నటించింది సెలవు మీద వచ్చిన అసలు సైనికులు. మళ్లీ యుద్ధానికి వెళ్లి వాళ్లలో చాలామంది చనిపోయారని గాన్స్ తర్వాతి కాలంలో చెప్పేవాడు. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న కవి బ్లేజ్ సాంద్రార్ కూడా ఆ గుంపులో ఉన్నాడు. ఇదే కథను గాన్స్ 1938లో మాటలతో మళ్లీ తీశాడు. మరుసటి ఏడాదే రెండో యుద్ధం వచ్చిపడింది.

ఇక మూకీని చూపించే పద్ధతి. ఇంట్లో మీరు వేసినా ఇవే జాగ్రత్తలు. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 నుంచి 20 ఫ్రేములు (విడి బొమ్మలు). దాన్ని 24తో ఆడిస్తే మనుషులు కోడిపిల్లల్లా గెంతుతారు. 18తో తీసిన నాలుగు నిమిషాల సీను మూడు నిమిషాలకే అయిపోతుంది, శవాల నడక కాస్తా కామెడీ అవుతుంది. అందుకని వేగం సరిచేసిన 166 నిమిషాల పునరుద్ధరణ ప్రతినే వాడుతున్నాం. బొమ్మ నిష్పత్తి 4:3. తెర సెట్టింగు వైడ్‌లో ఉంటే మొహాలు అడ్డంగా సాగుతాయి కాబట్టి పక్కల నల్లపట్టీలు ఉండనివ్వాలి. మాటలు రాసి చూపే టైటిల్ కార్డు పడ్డప్పుడల్లా పాజ్ నొక్కడం అందరూ చేసే పొరపాటు. అలా ఆపితే సినిమా ఊపు చచ్చిపోతుంది. కార్డుల తెలుగు పాఠం ముందే రాసిపెట్టాం, ఒక్కో కార్డుకు పది పన్నెండు మాటలకు మించకుండా. ఇద్దరు పిల్లలు వంతులవారీగా చదువుతారు. శవాల ఘట్టంలో మాత్రం ఎవరూ నోరు విప్పరు, సంగీతం ఒక్కటే.

మీకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఎదీత్ మీద సైనికుల అత్యాచారం కథలో భాగం. గోడ మీద హెల్మెట్ల నీడలే తప్ప నేరుగా చూపించరు, కానీ పదిహేనేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. ఆ రోజు సినిమాకు ముందు మా సోషల్ టీచరు, ఇంగ్లిషు టీచరు కలిసి పిల్లలతో మాట్లాడతారు. వద్దనుకున్నవారు లైబ్రరీలో కూర్చోవచ్చు, కారణం అడగం. తొమ్మిది, అంతకు కింది తరగతులకు ఇది వేయడం లేదు.

ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా వెళ్లారు. ఫ్రాన్సులోని నవ్ షపెల్‌లో భారతీయ సైనికుల స్మారకం ఉంది. మన పశ్చిమ గోదావరి మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు ఊరికే రాలేదు. మీ ఇళ్లలో ముత్తాతల నాటి పతకాలు, డిశ్చార్జి కాగితాలు, ఉత్తరాలు ఉంటే ఫొటో తీసి పిల్లలతో పంపండి. అసలువి పంపొద్దు, పోతే తెచ్చివ్వలేం.

డైరీలో అంటించిన అనుమతి చీటీ మీద సంతకం పెట్టి నవంబరు 7లోగా క్లాస్ టీచరుకు అందజేయండి. ఆ మూడు రోజులూ బడి 20 నిమిషాలు ఆలస్యంగా వదులుతాం. ఆటోల వాళ్లకు మీరే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు