చంటిగాడు ఆకులు వేశాడు

ఒరేయ్ రాంబాబూ,

తిట్టుకోకు. ఇవాళ రాద్దాం రేపు రాద్దాం అనుకుంటూనే వినాయక చవితి కూడా వెళ్ళిపోయింది. మామూలు కబుర్లు ఒక్క ముక్కలో: అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, పెద్దాడు ఇంటర్‌లో చేరాడు, డాబా మీద గది స్లాబు దగ్గర ఆగింది, మేస్త్రి ఫోనెత్తడు. అంతే. ఇక అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మన బుజ్జిగాడి తమ్ముడు చంటి లేడూ, వాడు ఈసారి మన వీధి పందిట్లో అన్నసమారాధనకి ఆకులు వేశాడు. "అయితే ఏంటి?" అంటావు. ఆగు, చెప్పనీ.

చిన్నప్పుడు మనకి వాడే కదా అంపైరు, చింతచెట్టు దగ్గర నో-బాల్ గొడవ నువ్వు చచ్చినా మర్చిపోవు. తర్వాత మనం కాలేజీలకి పోయాం, వాడు ఇంట్లో ఉండిపోయాడు. వాడికి బుద్ధి ఎదుగుదల నెమ్మది కదా, ఐదో తరగతిలోనే బడి వాళ్ళు "ఇంక పంపకండమ్మా" అనేశారు. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఇలాంటి పిల్లలకి పక్క బడిలోనే ఉచితంగా చదువు చెప్పాలి గానీ, ఆ రోజుల్లో వాళ్ళమ్మ, మన పిన్ని, ఎవర్ని అడుగుతుంది? వాడికిప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. ఒకటో తారీఖున ఆరువేలు పెన్షన్ పట్టుకొచ్చే సచివాలయం అమ్మాయి తప్ప బయటివాళ్ళెవరూ వాణ్ణి పేరుపెట్టి పిలవట్లేదంటే నమ్ము.

సరే, కమిటీ మీటింగు. సెక్రటరీ ఎవరనుకున్నావ్, మన 'కిలో బెల్లం' గారే! ఆయన లేచి, ఈసారి దివ్యాంగులకి సన్మానం పెడదాం, చంటికి శాలువా కప్పుదాం, ఫొటో పేపర్లో వేయిద్దాం అన్నాడు. అందరూ చప్పట్లు. పిన్ని వెనక బెంచీ మీంచి లేచి, "శాలువాలొద్దు బాబూ, డిసెంబరు మూడున ఎవరో ఒకరు పిలిచి కప్పుతూనే ఉంటారు, ఇంట్లో బీరువా నిండింది, వాడికి చలి కూడా వెయ్యదు. ఏదన్నా పని చెప్పండి" అంది. ఒక్కడు మాట్లాడితే ఒట్టు. ఆ తర్వాత మొదలయ్యాయి: జనంలో బెదిరిపోతాడేమో, వేడి సాంబారు దగ్గర ఏమన్నా అయితే ఎవరిది పూచీ... అన్నీ ప్రేమగానే అంటారు చూడు, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. చివరికి ఆకులు వేసే పని ఇద్దామని తేలింది.

పిన్ని నేర్పిన పద్ధతి చూడాల్సిందిరా. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో ఇలాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం వాళ్ళది ఒక సంస్థ ఉంది కదా, 1984లో పెట్టారు, వాడి చిన్నప్పుడు బాబాయి అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఏ పనైనా ముక్కలుగా విడగొట్టి, చివరి ముక్క ముందు నేర్పడం అక్కడ చెప్పారట. చొక్కా మొత్తం తనే తొడిగి ఆఖరి గుండీ ఒక్కటీ వాడికి వదిలేసేది, అది వచ్చాక పై గుండీ. పని పూర్తి చేసింది ఎప్పుడూ వాడే అవుతాడు కదా, ఆ సంతోషంతో ఇంకోటి నేర్చుకుంటాడట. ఆకులకీ అదే. న్యూస్ పేపరుని ఆకులా కత్తిరించి, తను పరిచి, కొస ఎడమ చేతివైపుకి తిప్పడం మాత్రం వాడికి వదిలింది. పండగ నాటికి వరుస మొత్తం వాడే.

సమారాధన రోజు ఇంకో విచిత్రం. వెనక సందులో ఒక పాపకి సెరిబ్రల్ పాల్సీ అట, అంటే మెదడు దెబ్బతిని ఒళ్ళు చెప్పినట్టు కదలదు, చక్రాల కుర్చీలో ఉంటుంది, దివ్యాంగ పిల్లల కోసం సర్కారు పెట్టిన భవిత కేంద్రంలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తారట. అలాంటి పిల్ల అక్కడ ఉందనే మాకు తెలీదు! చంటి ఆకులు వేస్తున్నాడని ఎవరో చెబితే వాళ్ళ మామ్మ తోసుకుంటూ వచ్చింది. తీరా వస్తే పందిరి నేల అడుగు ఎత్తు. నలుగురు కుర్రాళ్ళు ఎత్తబోతే పాప ఒకటే ఏడుపు. మన సివిల్ ఇంజనీరు బావ అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలన్నాడు. మా డాబా కోసం తెప్పించి ఊరికే పడున్న సెంట్రింగ్ చెక్కలు పట్టుకొచ్చి వేశాం. తర్వాత అరగంట సేపు ఆ వాలు మీంచి ముసలాళ్ళందరూ దిగుతూ ఎక్కుతూ ఉన్నారనుకో, మా అమ్మతో సహా. సౌండ్ బాక్సులకి చంటి చెవులు మూసుకుని కూలబడితే అవీ తగ్గించాం, దానికీ ముసలాళ్ళే ఎక్కువ సంబరపడ్డారు.

పదివేలు చందా ఇచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆకు పడకముందే వచ్చి కూర్చున్నాడు. చంటి వేలు పైకెత్తాడు. అచ్చం అదే అంపైరు వేలు! ఆయన ఏం తోచక లేచి నిలబడ్డాడు. నువ్వుండాల్సింది రా.

అసలైనది ఇంకా చెప్పలేదు. మొదటి బంతి లేచింది, ఆకులు తీస్తున్నారు, చంటేమో ఆ పాప కుర్చీ చక్రం తిప్పి చూస్తూ ఉండిపోయాడు. వంట మేస్త్రి గాడిపొయ్యి దగ్గర్నుంచి, "ఏరా చంటీ! రెండో బంతి కూర్చుంటోంది, ఆకులేవిరా, నిద్రపోతున్నావా?" అని ఒక్క అరుపు అరిచాడు. అందరం బిగుసుకుపోయాం. కిలో బెల్లం గారు "అయ్యో, వాణ్ణలా అనకయ్యా" అని పరిగెత్తాడు. పిన్ని ఆయన్ని ఆపి, "అననివ్వండి. వాణ్ణి చూసి అయ్యో అన్నవాళ్ళే గానీ, పని ఆలస్యమైందని అరిచినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు" అంది. నవ్వుతోంది, కళ్ళు మాత్రం... సరేలే. చంటి అప్పటికే కట్ట పట్టుకుని పరిగెడుతున్నాడు.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే పిన్ని బాబాయి పోయాక మొదటిసారి మనసు విప్పింది. పద్దెనిమిది దాటాక ఇలాంటి పిల్లలకి తల్లిదండ్రులు కూడా చట్టప్రకారం సంరక్షకులు కారట, కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి అర్జీ పెట్టుకోవాలి, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. నేనైతే అర్జీ మనం రాద్దాం పిన్నీ అన్నాను. "కాగితం సరే నాన్నా, రెండ్రోజులు వీడు కనపడకపోతే తలుపు కొట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు?" అంది. నాకేం చెప్పాలో తోచలేదు.

వంట మేస్త్రి చంటిని పెళ్ళిళ్ళకి కూడా పంపమంటున్నాడు. "కూలి ఎంతిస్తావ్, అందరితో సమానమేనా?" అని పిన్ని అక్కడికక్కడే అడిగింది. ఆయన బుర్ర గోక్కున్నాడు, ఇంకా తేలలేదు. తేల్చుకుంటుంది, పిన్ని సంగతి నీకు తెలుసుగా.

బుజ్జిగాడు నీకు అక్కడ దగ్గర్లోనే కదా, వాణ్ణి కలిసి ఆ అర్జీ సంగతి గట్టిగా మాట్లాడు. నేనంటే "చూద్దాం" అంటాడు, నీ మాటైతే వింటాడు. ఇంకా ఆ పాప మామ్మ ఒకటి అంది, అది... అబ్బా, పోస్టాఫీసు కట్టేసే వేళయింది, మీ వదిన గుమ్మంలో నిలబడి కేకలేస్తోంది. మిగతాది తర్వాత.

నీ
సత్తి