ఈస్టర్ ఆదివారం ఎక్కడ భోంచేద్దాం?

విశాఖపట్నం,
14 మార్చి 2026.

ప్రియమైన తల్లికి,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు. నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. ఈ ఈస్టర్‌కు నీ జీతంతో ఇంటిల్లిపాదినీ బీచ్ రోడ్డులో ఏదైనా మంచి హోటల్‌కు బ్రంచ్‌కు, అంటే టిఫినూ మధ్యాహ్న భోజనమూ కలిపి పెట్టే విందుకు, తీసుకువెళతానని, ఎక్కడైతే బాగుంటుందో నన్ను ఆలోచించి చెప్పమని అడిగావు. ఫోన్‌లో మాట్లాడితే అమ్మ చెవిన పడుతుంది, పడిన మరుక్షణం ‘అంత డబ్బు పోసి బయట తినడం ఎందుకు, ఇంట్లో పలావు చేయనా’ అంటుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

బయటికే వెళ్దామని నా మనసులోనూ ఉంది. నీకు గుర్తుందో లేదో, ఈస్టర్ నాడు తెల్లవారుజామున మూడు గంటలకు లేచి మనతోపాటు గుడికీ, అక్కడినుంచి సమాధుల తోటకూ వచ్చే మీ అమ్మ, ఇంటికి రాగానే పట్టుచీర మార్చుకొని నేరుగా ఉల్లిపాయల బుట్ట ముందు కూర్చుంటుంది. చుట్టాలు తిని, పొరుగువాళ్ళకు గిన్నెలు పంపించి, తాను కంచం ముందుకు వచ్చేసరికి మూడు దాటుతుంది. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో పునరుత్థాన పండుగ నాడు మీ అమ్మ మనతో కలిసి, వేడిగా ఉన్న అన్నం తిన్నది ఒక్కసారే, అదీ పోయిన ఏడాది. ఆ ఒక్కసారీ మనం వెళ్ళిన చోటు సరిగ్గా కుదరలేదు.

ఆ హోటల్ పేరు ఎందుకులే. తప్పు నాదీ ఉంది, ముందుగా ఏమీ అడగకుండా బయలుదేరాను. సూర్యోదయ ఆరాధన ముగించుకొని, ఆకలితో పదిన్నరకే వెళ్ళి నిలబడితే, బ్రంచ్ పన్నెండున్నరకు గాని మొదలు కాదన్నారు. మీ నాన్నమ్మ ఆ రెండు గంటలూ మెత్తని సోఫాలో వెన్ను ఆనించలేక, అంచున కూర్చుని ఉంది. తీరా తినే వేళకు చేప ముక్క ఒకటి వేసుకొని, కొసన చిదిమి నోట పెట్టుకొని, మిగతాది కంచం అంచుకు జరిపింది. ఏమీ అనలేదు. భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి, మొప్ప ఎత్తి చూసి చేప ఏ పూట ఒడ్డుకు చేరిందో చెప్పగలిగిన మనిషి. ఈస్టర్ ముందటి ఉపవాస కాలం మొదలయ్యే భస్మ బుధవారం నుంచి నీచు ముట్టకుండా ఉండి, ఆ రోజు మొదటి ముద్దగా తినవలసిన చేప అది.

ఆ చేప తాజాగా లేకపోవడానికి కారణం నాకు తరవాత తట్టింది. పోయిన ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరబోట్లను వేటకు వెళ్ళనివ్వరు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. ఆ రోజుల్లో హోటళ్ళకు దొరికేది ఐసులో నిలవ ఉన్నదో, చెరువు చేపో, చిన్న తెప్పల వాళ్ళు తెచ్చిన కాస్తో. ఈస్టర్ మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా రావచ్చు గనుక, కొన్నేళ్ళు వేట నిషేధానికి ముందు, కొన్నేళ్ళు నిషేధం మొదలయ్యాక పడుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళో ఈస్టర్ భోజనానికి చోటు వెతికేవాళ్ళు అన్నిటికంటే ముందు చూడవలసింది ఈ తేదీనే అని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ ఏడాది పండుగ ఏప్రిల్ 5న. నిషేధానికి ఇంకా పది రోజుల గడువు ఉంటుంది. వంజరం, సందువ, రొయ్యలు, పీతలు అన్నీ వస్తాయి. నువ్వు మాట్లాడే హోటల్ ఏదైనా సరే, ఆ రోజు పెట్టే చేప ఏమిటి, ఎప్పుడు తెచ్చినది అని నిస్సంకోచంగా అడుగు. మంచి వంటవాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

ఇక వేళ సంగతి. బెంగళూరులో బ్రంచ్ అంటే పొద్దెక్కాక లేచి తినే తిండి అని నువ్వు చెప్పావు. మన ఇళ్ళలో ఆ రోజు అందరికంటే ముందు లేస్తాం. నాలుగున్నరకు గుడి, అక్కడినుంచి పాటలు పాడుకుంటూ సమాధుల తోట, అయిదూ ముప్పావుకు సూర్యుడు. తాతయ్య సమాధి రాతి మీద మీ నాన్నమ్మ నాలుగు మైనపు చుక్కలు రాల్చి, అవి ఆరకముందే కొవ్వొత్తిని నొక్కి నిలబెట్టి, సముద్రపు గాలికి అరచేయి అడ్డుపెట్టుకొని ప్రార్థన ముగిసేవరకు అలాగే కూర్చుంటుంది. ఆమె లేచేవరకు మనమెవ్వరం కదలం. ఏడు గంటలకు ఇల్లు చేరతాం. నేను దారిలోనే ఇడ్లీ కట్టించుకొస్తాను, తలా రెండు తిని, నాన్నమ్మను పదకొండు వరకు పడుకోనిద్దాం. పన్నెండున్నరకు వడ్డన మొదలయ్యే సమయానికి మనం బల్ల దగ్గర ఉండాలి. ఒంటిగంట దాటితే గుళ్ళ నుంచి వచ్చే కుటుంబాలతో హోటళ్ళు నిండిపోతాయి, చేపల దగ్గర వరస పెరిగిపోతుంది.

చోట్ల విషయానికి వస్తే, నువ్వు రాసిన నాలుగు హోటళ్ళనూ మనసులో తిరగేశాను. రుషికొండ వైపున్న రాడిసన్ బ్లూ దగ్గర సముద్రం అందంగా ఉంటుందన్న మాట నిజమే కాని, పాత పట్నం నుంచి దాదాపు 15 కిలోమీటర్లు. మూడింటికి లేచిన డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని ఎండలో అంత దూరం తిప్పి తేవడం నాకు ఇష్టం లేదు. డాబా గార్డెన్స్‌లో డాల్ఫిన్ మనకు బాగా దగ్గర. మీ తాతయ్య రైల్వేలో పదవీ విరమణ చేసినప్పుడు మేము భోంచేసింది అక్కడే గనుక, ఆ పేరు వింటే నాన్నమ్మ ముఖం వెలుగుతుంది. బల్ల దగ్గరికే తెచ్చి వడ్డించమనవచ్చు, లేచి తిరిగే పని ఉండదు. అయితే అక్కడ కూర్చుంటే ఎదురుగా అలలు లేవు, అమ్మకేమో అవి కావాలి. ఇదే ఊళ్ళో ఉంటూ కూడా మీ అమ్మ ఆర్కే బీచ్‌కు వెళ్ళేది చుట్టాలు వచ్చినప్పుడు, వాళ్ళకు అక్కడ మ్యూజియంగా పెట్టిన జలాంతర్గామి చూపించడానికే.

బీచ్ రోడ్డులో ఎదురుగానే సముద్రం ఉన్న నొవోటెల్ వరుణ్ బీచ్ పెద్దది. రకాలు ఎక్కువ కావాలనుకునే తమ్ముడికి అది నచ్చుతుంది. మీరిద్దరూ మీ స్నేహితులతో వెళ్ళేదైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. పెద్ద బఫేలో ఎనభై గిన్నెలున్నా నాన్నమ్మ తినేది మూడు. ఆ మూడూ ఏ మూల ఉన్నాయో వెతుక్కోవాలి.

నా మాట అడిగావు గనుక, ది పార్క్ హోటల్ అంటాను. అది అంతస్తుల మీద అంతస్తులు వేసిన కట్టడం కాదు. చెట్లు, వాటి వెనక పచ్చిక, పచ్చిక అంచున ఇసుక. తిన్న తరవాత లిఫ్టు కోసం నిలబడకుండా, నాన్నమ్మ చేయి పట్టుకొని నాలుగడుగులు వేస్తే అలల చప్పుడు వినబడుతుంది. వాళ్ళ బాంబూ బే రెస్టారెంట్ అయితే ఒడ్డునే ఉంది. అది మధ్యాహ్నం తెరుస్తారా, ఆ రోజు బ్రంచ్ అక్కడ పెడతారా, లోపలి రెస్టారెంట్‌లో పెడతారా అన్నది నువ్వు ఫోన్ చేసి కనుక్కో. బయట వేస్తే ఏప్రిల్ ఎండకు నీడ ఉన్న బల్ల కావాలని చెప్పు. లోపల అయితే సముద్రం వైపు కిటికీ దగ్గర, వడ్డన బల్లలకు మరీ దూరం కాకుండా అడుగు. నాన్నమ్మకు కంచం నువ్వే పట్టుకురావాలి, తమ్ముడికి వదిలేస్తే మాంసం కూర ఒక్కటే తెస్తాడు.

ధర చెప్పేటప్పుడు పన్నుతో కలిపి ఎంతో అడుగు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలో భోజనం మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, విడిగా నడిచే రెస్టారెంట్లలో 5 శాతమే. ఆరుగురికి లెక్క కడితే ఆ తేడా చిన్నది కాదు. కాల్చిన చేప, పీత వంటివి బ్రంచ్ ధరలోనే ఉన్నాయో, వేరే కట్టాలో తెలుసుకో. మద్యంతో ఒక ధర, లేకుండా ఒక ధర పెట్టేచోట మనకు రెండోది చాలు. డబ్బు తక్కువైతే నన్ను అడగడానికి మొహమాటపడకు, సగం నేను వేసుకుంటాను. కాని బిల్లు మాత్రం నువ్వే ఇవ్వు, అమ్మ చూడాలి.

పెద్ద హోటళ్ళలో ఈస్టర్ నాడు రంగు గుడ్లు, చాక్లెట్ గుడ్లు పెడతారు. మన గుడిలో ఆ ఆచారం లేదు గాని, నాకు అది కొత్త కాదు. నా చిన్నప్పుడు వాల్తేరు రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉల్లిపొట్టు వేసి కోడిగుడ్లు ఉడికించేవారు. పెంకు ఇటుక రంగుకు తిరిగి, నూనె చుక్కతో తుడిస్తే మెరిసేది. పండుగ నాడు పొద్దున్నే మా అయిదుగురు పిల్లలకూ అయిదు గుడ్లు చిన్న వెదురు బుట్టలో పంపేవారు. అందులో నా గుడ్డును సాయంత్రం వరకు పగలగొట్టకుండా జేబులో పెట్టుకొని తిరిగేవాణ్ణి. ఆ రోజు హోటల్‌లో గుడ్డు కనబడితే నాకూ ఒకటి తెచ్చిపెట్టు.

అమ్మకు గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యేవరకు చెప్పవద్దు. శనివారం నువ్వు రైలు దిగాక, బల్ల మాట్లాడేశానని నువ్వే చెప్పు. అప్పటికి మాంసం తెప్పించే పని పెట్టుకోకుండా నేను చూసుకుంటాను. మనం అయిదుగురం, భీమిలి నుంచి అత్తయ్య వస్తుంది, మొత్తం ఆరుగురికి పన్నెండున్నరకు చెప్పు. కాస్త ఎత్తుగా, చేతులున్న కుర్చీ ఒకటి నాన్నమ్మ కోసం అడగడం మరిచిపోకు.

ప్రభువునందు,
మీ నాన్న.